ఏపీఐ రిఫరెన్స్ డాక్యుమెంటేషన్ డిప్లాయ్ చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏపీఐ (ఒక ప్రోగ్రామ్‌ను మరో ప్రోగ్రామ్ వాడుకొనే మార్గం) కొత్త వెర్షన్ విడుదలయ్యే వారంలో అందరి దృష్టీ కోడ్ మీదే ఉంటుంది, రిఫరెన్స్ పేజీల సంగతి చివరి గంటలో గుర్తొస్తుంది. బయట నుంచి ఆ ఏపీఐని వాడేవారికి మాత్రం మన కోడ్ కనబడదు, ఆ పేజీలే కనబడతాయి. ఏపీఐ వివరాలను నిర్ణీత పద్ధతిలో రాసే ఓపెన్‌ఏపీఐ ఫైలు నుంచి స్వాగర్ యూఐ, రీడాక్ లాంటి సాధనాలతో పేజీలు తయారుచేసి, గిట్‌హబ్ రిపాజిటరీ నుంచి వెబ్‌సైటును నడిపే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

ముందుగా ఆ ఓపెన్‌ఏపీఐ స్పెసిఫికేషన్ ఫైలును లింట్ చేయండి, అంటే తప్పులు వెతికే సాధనంతో పరీక్షించండి. వెర్షన్ దగ్గర కొటేషన్ గుర్తులు లేకుండా 1.10 అని రాస్తే, ఆ ఫైలు రాసే యామల్ ఫార్మాట్ దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకొంటుంది, పేజీ మీద 1.1 అని వస్తుంది. ఆ విలువ స్ట్రింగ్ (సంఖ్య కాక అక్షర రూపం) అయి ఉండాలన్నది స్పెసిఫికేషన్ నియమం కాబట్టి లింట్ సాధనం ఈ పొరపాటును పట్టుకొంటుంది. చదువుకుంటూ పోయే కంటికి అది అంత తేలిగ్గా ఆనదు. అలాగే 2021లో వచ్చిన ఓపెన్‌ఏపీఐ 3.1లో ఫైలు రాసి ఉంటే, స్వాగర్ యూఐ 5.0 గానీ ఆ తర్వాతిది గానీ వాడుతున్నారో లేదో చూసుకోండి, పాతవాటికి 3.1 అర్థం కాదు.

ఇక లోకల్ ప్రివ్యూ. అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే మన సిస్టమ్‌లో పేజీ చక్కగా కనబడడమే మనల్ని నిశ్చింతగా ఉంచుతుంది. హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, పక్కనే ఉన్న యామల్ ఫైలును చదవడానికి బ్రౌజర్ భద్రతా నియమాలు సాధారణంగా ఒప్పుకోవు. అందుకని పైథాన్‌తో వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ లాంటిది నడపాలి. అయితే అది మామూలుగా అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా వింటుంది కాబట్టి, ఆఫీసు వైఫైలోనో కాఫీ షాపులోనో ఉన్నప్పుడు దాన్ని మన సిస్టమ్‌కే పరిమితమైన 127.0.0.1 చిరునామాకి బైండ్ చేయడం (కట్టుబడేలా చేయడం) మరువకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, డెవలప్‌మెంట్ సర్వర్ చూపించే పేజీని కాకుండా బిల్డ్ అయి బయటికి వచ్చిన ఫోల్డర్‌నే ప్రివ్యూ చేయండి. గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్ట్ సైటు, డొమైన్ మూలంలో కాకుండా రిపాజిటరీ పేరు గల ఉపమార్గంలో ఉంటుంది. స్లాష్‌తో మొదలయ్యే లింకులన్నీ లోకల్‌లో పనిచేసి, అక్కడికి వెళ్లగానే 404 (పేజీ దొరకలేదు) చూపిస్తాయి. కాబట్టి లోకల్‌లో కూడా అదే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, దానిలోకి బిల్డ్‌ను కాపీ చేసి, పై ఫోల్డర్ నుంచి సర్వర్ నడిపి చూడండి. ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు, గిట్‌హబ్ పేజెస్ సర్వర్ పట్టించుకొంటుంది. పేరు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను, గిట్‌హబ్ పేజెస్ వాడే సైటు తయారీ సాధనం జెకిల్ వదిలేస్తుంది కనుక, బ్రాంచ్ నుంచి నేరుగా పబ్లిష్ చేసేవారు .nojekyll (నోజెకిల్) అనే ఫైలును మూల ఫోల్డర్‌లో ఉంచాలి.

స్వాగర్ యూఐలోని ‘ట్రై ఇట్ అవుట్’ బటన్ నమూనా కోసం పెట్టింది కాదు, నిజమైన రిక్వెస్ట్‌నే పంపుతుంది. సర్వర్ల జాబితాలో మొదటిదే ముందుగా ఎంపికై ఉంటుంది కాబట్టి, అక్కడ ప్రొడక్షన్ (అసలు డేటా ఉన్న సర్వర్) చిరునామా ఉంటే డిలీట్ మెథడ్‌ను సరదాగా నొక్కి చూసిన వ్యక్తి సొంత డేటానే పోగొట్టుకోవచ్చు. శాండ్‌బాక్స్ (ప్రయోగాల కోసం విడిగా ఉంచిన సర్వర్) చిరునామాను మొదట పెట్టండి. శాండ్‌బాక్స్ లేకపోతే ఆ బటన్‌నే తీసేయండి, దానికి సెట్టింగ్ ఉంది.

ఉదాహరణల్లో అసలు టోకెన్లు (ఏపీఐని వాడడానికి పనికొచ్చే రహస్య తాళాలు), నిజమైన కస్టమర్ల ఫోన్ నంబర్లు మిగిలిపోయాయేమో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఒకసారి కమిట్ అయిన టోకెన్ తర్వాత చెరిపినా గిట్ చరిత్రలో ఉండిపోతుంది. దాన్ని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవలసిందే. రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉన్నా, ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లో ప్రత్యేకంగా కట్టడి చేస్తే తప్ప, పేజెస్ సైటు అందరికీ తెరిచే ఉంటుందన్న విషయం చాలామంది గమనించరు.

డిప్లాయ్ అయ్యాక పాత పేజీయే కనబడితే కంగారుపడి మళ్లీ మళ్లీ పుష్ చేయకండి. గిట్‌హబ్ పేజెస్ ఫైళ్లను బ్రౌజర్ 10 నిమిషాల పాటు క్యాష్‌లో ఉంచుకొంటుంది. ఆ తర్వాత ప్రైవేట్ విండోలో తెరిచి, హోమ్ పేజీతో సరిపెట్టుకోకుండా, లోపలి ఎండ్‌పాయింట్ లింకులను, పాత వెర్షన్ వాడుతున్నవారు బుక్‌మార్క్ చేసుకొని ఉండగల చిరునామాలను కూడా పరీక్షించండి.