గ్రీన్‌హౌస్‌లో మందారం: మొగ్గ నిలవాలంటే

మందారం బతకడం పెద్ద కష్టం కాదు, మొగ్గలు రాలకుండా పూయించడమే అసలు పని. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గనివ్వకండి, పగలు 20 నుంచి 30 మధ్య ఉంటే చెట్టు హాయిగా పెరుగుతుంది. 35 దాటి గాలి ఆడకపోతే మాత్రం నిన్నటిదాకా నిగనిగలాడిన మొగ్గ కాడ దగ్గర పసుపు తిరిగి, చెయ్యి తగిలితే చాలు ఊడిపోతుంది. కాబట్టి పైన వెంటిలేటర్లు తెరవండి, మరీ ఎండైతే మధ్యాహ్నం పూట షేడ్ నెట్ వేయండి.

కుండీ మార్చేటప్పుడు మరీ పెద్దది వద్దు. పాతదానికంటే రెండంగుళాలు వెడల్పుంటే సరిపోతుంది, లేదంటే వేర్లు అందుకోని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు, పోస్తే అడుగు నుంచి కారేదాకా పోయాలి.

ఎరువులో పొటాష్ ఎక్కువ, భాస్వరం తక్కువ ఉండాలి. పూల కోసమని భాస్వరం గుమ్మరించడం నాకైతే దండగ అనిపిస్తుంది, పైగా ఎక్కువైతే ఆకులు పాలిపోతాయి. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి కనుక చలి తగ్గగానే కొమ్మల్ని మూడోవంతు కత్తిరించండి.

ఇక పురుగుల టెన్షన్. ఆకు తిప్పి చూడండి: సన్నటి సాలెగూడు లాంటిది, చుక్కలు ఉంటే ఎర్రనల్లి, కణుపుల్లో తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి. ముందు నీళ్లతో గట్టిగా కడిగి, సాయంత్రం వేపనూనె కొట్టి, వారానికోసారి మళ్లీ చూసుకోండి.