కొత్త కాయిల్ చుట్టారా? బటన్ నొక్కే ముందు కొలవండి

పోయిన వారం మా పక్కింట్లో అద్దెకుండే తెలుగు విద్యార్థి అరచేయి కాలింది. ఇక్కడ బ్రిటన్‌లో వేప్ (ఈ-సిగరెట్) పరికరాలు చట్టబద్ధంగానే దొరుకుతాయి. ఖర్చు కలిసివస్తుందని, ద్రవాన్ని వేడిచేసే వైరు చుట్ట అయిన కాయిల్‌ను తానే చుట్టుకుని, మెకానికల్ మోడ్‌కు, అంటే రక్షణ సర్క్యూట్ లేని బ్యాటరీ గొట్టానికి, బిగించాడు. పాజిటివ్ వైపు వైరు కొన పొడవుగా మిగిలి డెక్కుకు (కాయిల్ బిగించే లోహపు పీఠానికి) తాకింది. బటన్ నొక్కగానే గొట్టం పట్టుకోలేనంత వేడెక్కింది. కాయిల్ నిరోధాన్ని కొలిచే ఓమ్ మీటరు అతని సొరుగులోనే ఉంది. బయటికి తీయలేదు.

ఈ అలవాటు మానగలిగినవారు మానేయండి. మానలేక సొంతంగా కాయిల్ చుట్టుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. వైరు ఎలా చుట్టాలో, పత్తి ఎంత పెట్టాలో మీకు తెలుసు. నేను మళ్ళీ మళ్ళీ చూసిన తప్పు ఒక్కటే: కొలవకుండా బటన్ నొక్కడం.

సర్క్యూట్ ఉన్న మోడ్ అయితే షార్ట్‌ను పసిగట్టి ఆగిపోతుంది. మెకానికల్ మోడ్‌లో ఆపేవారెవరూ ఉండరు. బ్యాటరీకి, వైరుకు మధ్య మీ బొటనవేలు తప్ప ఏమీ లేదు. లెక్క చూడండి. నిండా చార్జ్ అయిన 18650 బ్యాటరీలో 4.2 వోల్టులుంటాయి. కాయిల్ 0.3 ఓములైతే 14 ఆంపియర్లు లాగుతుంది. 20 ఆంపియర్ల బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది. అలాంటి కాయిళ్ళే రెండు పక్కపక్కన (ప్యారలల్‌గా) పెడితే 0.6 అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, సగమై 0.15కు పడిపోతుంది. అప్పుడు లాగేది 28 ఆంపియర్లు! చుట్టు సంఖ్య చూసి ఊహించవద్దు. కొలవండి.

మీటరులో అంకె నిలకడగా ఉండకపోతే స్క్రూ వదులుగా ఉన్నట్టు, లేదా దాని కింద కాయిల్ కాలు (వైరు కొన) నలిగినట్టు. అనుకున్నదానికంటే బాగా తక్కువ చూపిస్తే వైరు ఎక్కడో లోహానికి తాకుతోంది. అసలు అంకే రాకపోతే కాలు తెగింది. పత్తి పెట్టాక, మూత బిగించాక మళ్ళీ కొలవండి. మూత తాకే షార్ట్ మొదటిసారి కనిపించదు.

పత్తి పెట్టకముందు వేడిచేస్తే కాయిల్ మధ్యలో మొదలై అంచులకు సమానంగా ఎర్రబడాలి. ఒక చుట్టు ముందుగా మెరిస్తే తక్కువ వాట్లలో కొద్దికొద్దిగా వేడిచేస్తూ, బటన్ వదిలాక సిరామిక్ పట్టకారుతో నొక్కి సర్దండి. ముందు కాళ్ళే మెరిస్తే స్క్రూలు బిగించి, మళ్ళీ కొలిచి, అప్పుడు వేడిచేయండి.

ఇక మిగిలినవి, వరుసగా:

- టైటానియం, నికెల్ వైర్లను మాత్రం ఎర్రబడేదాకా ఎప్పుడూ కాల్చవద్దు.
- బటన్ నొక్కి ఉండగా లోహపు పట్టకారు దగ్గరికి రానివ్వవద్దు.
- బ్యాటరీ తొడుగు గీసుకుపోతే వాడకండి. పైభాగంలో చిన్న బొడిపె తప్ప డబ్బా అంతా నెగటివే.
- విడి బ్యాటరీని తాళంచెవులతో, చిల్లరతో కలిపి జేబులో వేయవద్దు. ప్లాస్టిక్ పెట్టెలోనే.
- మధ్య పిన్ను బయటికి పొడుచుకు రాని అటామైజర్‌ను (కాయిల్ ఉండే పై భాగాన్ని) హైబ్రిడ్ మోడ్‌కు, అంటే ఆ పిన్ను నేరుగా బ్యాటరీకి తాకే మోడ్‌కు, బిగించవద్దు.
- చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.
- వాడనప్పుడు బటన్‌కు లాక్ వేయండి, లేదా బ్యాటరీ తీసేయండి.
- 2018 మేలో ఫ్లోరిడాలో, 2019 జనవరిలో టెక్సాస్‌లో పరికరం పేలి ఒక్కొక్కరు చనిపోయారు. ముఖానికి దగ్గరగా పెట్టుకునే వస్తువు ఇది.
- విమానంలో బ్యాటరీలు చేతి సంచిలోనే.
- సెలవులకు ఇండియా వెళుతుంటే పరికరాన్ని ఇక్కడే వదిలి వెళ్ళండి. 2019 చట్టం ప్రకారం అక్కడ ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం నిషేధం.
- స్నేహితుడు చుట్టి ఇచ్చినా కొలవండి. నిన్న కొలిచిందైనా, స్క్రూ ముట్టుకుంటే కొలవండి.
- మీటరు పనిచేయని రోజు కాయిల్ మార్చవద్దు.