వీడియో తీయించుకోవడం నేర్చుకుందాం – పాఠం 3: కొటేషన్ చదవడం

వీడియో ఎవరి కోసం, ఎంత నిడివి, ఎక్కడ చూపిస్తారు అన్నవి ఒక పేజీలో రాసి మూడు సంస్థలకు పంపడం దాకా రెండో పాఠంలో వచ్చాం. ఇప్పుడు మూడు కొటేషన్లు ముందున్నాయి. చాలామంది నేరుగా చివరి పేజీకి వెళ్లి మొత్తం చూస్తారు. తక్కువ ఉన్నది పట్టుకుంటారు. తీరా పని మొదలయ్యాక ‘అది ఇందులో లేదండీ’ అనే మాట నాలుగుసార్లు వింటారు. గొడవలన్నీ దాదాపు మూడు మాటల దగ్గరే వస్తాయి: రోజు, సవరణ, డెలివరీ. ఈ మూడింటికీ అర్థం కాగితం మీద రాయించడమే ఈ పాఠం.

ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఒక ఖాదీ నేతగాళ్ల సంఘం మూడు నిమిషాల వీడియో తీయించుకోవాలనుకుందాం. మీది పలాస జీడిపప్పు అయినా, బుడితి ఇత్తడి అయినా, బొబ్బిలి వీణ అయినా లెక్క ఇదే.

‘ఒక రోజు షూటింగ్’ అంటే ఎన్ని గంటలు?

టీమ్ విశాఖ నుంచి వస్తుందనుకుందాం. అక్కడి నుంచి శ్రీకాకుళం దాదాపు 110 కిలోమీటర్లు. సామాను వేసుకున్న బండికి రెండున్నర గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. కొటేషన్‌లో ‘రోజుకు 10 గంటలు’ అని ఉండి, ఆ గంటలు విశాఖలో బండి కదిలినప్పటి నుంచే మొదలైతే రానుపోను ఐదు గంటలు రోడ్డు మీదే పోతాయి. భోజనం, సామాను దించడం, మళ్లీ సర్దడం తీసేస్తే కెమెరా తిరిగేది మూడు గంటలే. అందుకే ఈ వాక్యం రాయించండి: ‘పని గంటలు లొకేషన్‌కు చేరిన సమయం నుంచి లెక్క. ఆపైన ప్రతి గంటకు ఇంత.’ టీమ్ ముందు రాత్రే వచ్చి శ్రీకాకుళంలో బస చేస్తే రెండు గదుల అద్దె అదనం, కానీ తెల్లవారు వెలుతురు మీ చేతికొస్తుంది. రెండో రోజు షూటింగ్ ఖర్చు కన్నా గదుల అద్దె ఎప్పుడూ చవకే.

ఊళ్లో స్టూడియోలు ఉండగా విశాఖ దాకా ఎందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. శ్రీకాకుళం, విజయనగరం స్టూడియోలకు పెళ్లి పని బాగా వచ్చు. జనంలో, తక్కువ వెలుతురులో చకచకా తీసేస్తారు. వాళ్లని పెళ్లి కాని పని ఒకటి చూపించమనండి, అందులోనూ ఒక మనిషి కూర్చుని మాట్లాడిన వీడియో. కళ్లు మూసుకుని వినండి. మాట స్పష్టంగా, ఫ్యాను హోరు లేకుండా వినబడితే ఆ టీమ్‌ను తీసుకోవచ్చు. ఖరీదైన కెమెరా ఉండి మాట సరిగా పట్టలేని టీమ్ కన్నా వీళ్లే నయం. ముహూర్తాల రోజుల్లో మాత్రం వీళ్లు దొరకరు. ఆషాఢంలోనో, మూఢంలోనో తేదీ పెట్టుకుంటే మనుషులూ దొరుకుతారు, ధరలోనూ బేరమాడొచ్చు.

తేదీ విషయంలో ఇంకో సంగతి. జీడితోటలో పళ్లు చెట్టున కనబడాలంటే మార్చి–మే మధ్యే తీయాలి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో పెట్టుకుంటే, వాతావరణం వల్ల షూటింగ్ వాయిదా పడితే ఎవరి ఖర్చు ఎవరిదో, ఎన్ని గంటల ముందు చెప్పాలో ఒప్పందంలో ఉండాలి.

ఒక మగ్గం గది, ఒక పూట

రోజుకు ఎన్ని పనులు పడతాయో తెలియక ఎక్కువమంది ఇక్కడే లెక్క తప్పుతారు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వడం చూపించాలి. ఆ పళ్లు సన్నగా ఉంటాయి. దూది పోగు వాటి మీదుగా జారడం కనబడాలంటే దగ్గరగా ఫోకస్ పట్టే మాక్రో లెన్స్ కావాలి. అది సామాను పట్టికలో ఉందా? లేకపోతే మామూలు లెన్స్‌తో తీసి, ఎడిటింగ్‌లో పెద్దది చేసి ఇస్తారు, బొమ్మ మసకబారుతుంది. ఈ ఒక్క పనికే లైటు అమర్చడానికి అరగంట, తీయడానికి ఇరవై నిమిషాలు పోతాయి. దువ్వడం, ఏకులు, రాట్నం, పడుగు, గుంట మగ్గం, ఇద్దరి మాటలు: ఇవన్నీ ఒక రోజుకు నిండుగా సరిపోతాయి. ‘దుకాణం కూడా తీసేద్దాం’ అని మధ్యాహ్నం మూడింటికి అనకండి.

మగ్గం గదిలో రెండు ఇబ్బందులు తప్పవు. మొదటిది వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. కెమెరా షట్టర్ వేగం 1/60 సెకనులో ఉంటే మాత్రం వీడియోలో చారలు పారతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే పోతాయి. ఇది టీమ్ చూసుకోవాల్సిన పనే, కానీ మొదటి షాట్ అయ్యాక మానిటర్‌లో గోడ వైపు చూడమని మీరూ అడగండి. చారలు ముందుగా సున్నం గోడ మీదే కనబడతాయి.

రెండోది శబ్దం. మగ్గం ఆడుతుండగా మాట్లాడిస్తే మాటా దక్కదు, మగ్గమూ దక్కదు. మగ్గం, ఫ్యాను ఆపి, కాలర్ మైకుతో మాట రికార్డు చేయాలి. తర్వాత నాడె ఆడే చప్పుడు విడిగా రెండు నిమిషాలు, ఖాళీ గది నిశ్శబ్దం అరనిమిషం తీసుకోవాలి. కోతలు పడ్డ చోట అతుకు తెలియకుండా కప్పేది ఆ అరనిమిషమే. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరంలో అయితే మైకుకు బొచ్చు తొడుగు లేనిదే గాలి తప్ప ఏమీ వినబడదు.

నేతగత్తెని పుస్తక భాష మాట్లాడమని ఒత్తిడి చేయనివ్వకండి. మన యాసలోనే చెప్పనివ్వండి. అయితే ఎడిటర్ బయటి ఊరివాడైతే మాట మధ్యలో కోసేస్తాడు. ఇంటర్వ్యూలను కాగితం మీద రాసిచ్చి, వాడాల్సిన వాక్యాలకు గీత పెట్టే పని సంఘంలో ఒకరు తీసుకోవాలి.

అనుమతులు, డ్రోన్

‘అనుమతులు క్లయింట్ బాధ్యత’ అని కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. శ్రీముఖలింగం, శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి; ముందుగా అనుమతి లేకుండా స్టాండు, లైట్లతో వెళితే వెనక్కి పంపేస్తారు. డ్రోన్ నడిపేవారిని మూడు అడగండి: డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా, డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు) మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉంది? 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపార పనికి వాడితే సర్టిఫికెట్ తప్పనిసరి. మ్యాపులో ముందస్తు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ జోన్‌లోనూ 400 అడుగులు మించకూడదు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కలయితే మ్యాపు చూడకుండా తేదీ ఖరారు చేయకండి. తేలినీలాపురంలో పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఆ షాట్ ఆలోచనే వదిలేయండి.

సవరణ అంటే ఏది?

‘రెండు విడతల సవరణలు ఉచితం’ అని రాస్తారు. ఒక విడత అంటే ఒక్కసారి ఇచ్చిన పట్టిక మొత్తం. అధ్యక్షుడు సోమవారం ఫోను, కార్యదర్శి బుధవారం వాట్సాప్ చేస్తే రెండు విడతలూ అయిపోయినట్టే. ఒక్కరే అందరి అభిప్రాయాలూ పోగుచేసి, ‘1:12 దగ్గర పేరు తప్పు’, ‘2:05 నుంచి 2:11 దాకా తీసేయాలి’ అని నిమిషం, సెకను వేసి పంపాలి. ‘ఇంకొంచెం బాగుండాలి’ అంటే ఎడిటర్ ఏం చేస్తాడు పాపం.

వరుస కూడా ముఖ్యమే. మొదట ముతక కూర్పు (రఫ్ కట్), దానికి వాయిస్ ఎవరిదైనా ఫోనులో చదివి పెట్టినది చాలు. కూర్పు ఖాయమయ్యాకే అసలు గొంతు, రంగుల సర్దుబాటు, పేర్లు. గొంతు రికార్డయ్యాక స్క్రిప్టు మారిస్తే అది సవరణ కాదు, కొత్త ఖర్చు. తెలుగు వ్యాఖ్యానం నిమిషానికి సుమారు వంద మాటలు. మూడు నిమిషాల వీడియోకు మూడు వందల మాటలు రాస్తే ఊపిరాడదు, మగ్గం చప్పుడుకూ చోటుండదు. రెండు వందల దగ్గర ఆపండి.

తెర మీది తెలుగును అక్షరం అక్షరం చూడండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. ‘శ్రీకాకుళం’లో మొదటి అక్షరమే విరుగుతుంది. పాత డీటీపీ పద్ధతి అయిన అను ఫాంట్‌లో టైపు చేసినది యూనికోడ్‌లోకి (ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగులోకి) మార్చినప్పుడూ అక్షరాలు తారుమారవుతాయి. పేర్లన్నీ యూనికోడ్‌లో మీరే టైపు చేసి పంపండి.

చేతికి ఏం వస్తుంది?

‘ఫైనల్ వీడియో’ అన్న మాట చాలదు. అడ్డం వీడియో, ఫోనుకు నిలువు వీడియో, తెర మీద అక్షరాలు లేని ప్రతి, సబ్‌టైటిల్ ఫైలు అని విడివిడిగా రాయించండి. నిలువు వీడియో కావాలని షూటింగ్‌కు ముందే చెప్పాలి. 3840×2160 (4కె)లో తీస్తే మధ్యలోంచి 1215 పిక్సెళ్ల వెడల్పు నిలువుగా దక్కుతుంది, ఫోనుకు అది చాలు. 1920×1080లో తీస్తే 607 మాత్రమే, బొమ్మ పగిలిపోతుంది. పైగా ఫ్రేముకు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుంటే నిలువులో ఇద్దరూ పోతారు.

ముడి ఫుటేజీ (ఎడిట్ చేయకముందు కెమెరాలో తీసినదంతా) మాట ఒప్పందంలో లేకపోతే, కొన్నాళ్లకు చెరిపేశామంటారు. సెకనుకు 100 మెగాబిట్లతో తీసిన 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ. మూడు గంటలైతే 135. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు కొనిచ్చి కాపీ తీసుకోండి.

హక్కుల సంగతి: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ వీడియోకు మొదటి హక్కుదారు. ఆ ‘వేరే ఒప్పందం’ కొటేషన్ చివరి పేజీ షరతుల్లో ఉందేమో వెతకండి. సంగీతం లెక్క మాత్రం వేరు. సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. కొన్న సంగీతమైతే లైసెన్సు మీ పేరున ఉందో, డబ్బు పెట్టి వేసే ప్రకటనలకూ చెల్లుతుందో చూడండి.

డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి: ఖరారైనప్పుడు 40 శాతం, షూటింగ్ అయ్యాక 30, ఫైళ్లన్నీ మీ కంప్యూటర్‌లో తెరిచి చూశాక 30. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? రూ.1,50,000 అన్నది పన్నుతో రూ.1,77,000 అవుతుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న మూడు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టి, పని గంటలు ఎక్కడి నుంచి లెక్క, సవరణ విడతలు ఎన్ని, ఏ ఫైళ్లు ఇస్తారు, ముడి ఫుటేజీ ఎవరిది, పన్ను కలిసిందా అన్న ఐదింటినీ కాగితం మీద పట్టికగా దించండి. ఖాళీగా మిగిలిన గడి ప్రతిదానికీ ఆ సంస్థకు ఒక ప్రశ్న రాసి పంపండి, ఫోనులో కాదు. నాలుగో పాఠానికి, అంటే షూటింగ్ రోజు పట్టిక తయారీకి, ఆ జవాబులు కావాలి.