హై వోల్టేజ్ పల్సులు, పాఠం 4: మిగతా సగం ఎటు పోయింది?

ఈసారి బ్లూమ్‌లైన్ (రెండు కేబుల్ లైన్లు కలిపి పల్స్ పుట్టించే సర్క్యూట్) మొదలుపెడదాం అనుకున్నా, కానీ పోయిన పాఠం చివరి లెక్కలో సగంమంది బోర్లా పడ్డారు కాబట్టి అది వాయిదా. లెక్క గుర్తుందిగా, 10 మీటర్ల 50 ఓమ్స్ కోయాక్సియల్ కేబుల్ (ఈ 50 తీగ రెసిస్టెన్స్ కాదు, కేబుల్‌లో వెళ్ళే అల వోల్టేజీకి, దాని కరెంటుకి ఉండే నిష్పత్తి), ఒక చివర ఓపెన్, 10 కేవీకి (కిలోవోల్టులకి) ఛార్జ్ చేసి రెండో చివర స్విచ్‌తో 50 ఓమ్స్ లోడ్‌కి కలపాలి. కొందరు 10 కేవీ అన్నారు, కొందరు కేబుల్‌ని మామూలు కెపాసిటర్ అనుకుని మెల్లగా పడిపోయే గీత గీశారు. వచ్చేది 5 కేవీ, 100 నానోసెకన్లు, పైన చదునుగా, అంతే.

సగమే ఎందుకు? ఛార్జ్ అయి ఊరికే పడున్న కేబుల్‌లో ఏమీ కదలట్లేదు అనుకోవడమే అసలు తప్పు, నాకు చిరాకు తెప్పించేది కూడా ఇదే. అందులో రెండు అలలు ఉన్నాయనుకోండి, 5 కేవీది కుడికి, ఇంకో 5 కేవీది ఎడమకి, రెండు చివర్లా తగిలి తిరిగొస్తూనే ఉంటాయి. వోల్టేజీలు కలిసి 10 అవుతాయి, కరెంట్లు చెరో 100 ఆంప్స్ ఎదురెదురుగా ఉండి కొట్టేసుకుంటాయి, అందుకే మీటర్‌కి ఏ కదలికా కనపడదు. స్విచ్ వేయగానే కుడికి వెళ్ళేది లోడ్‌లోకి పోతుంది. ఎడమది ఓపెన్ చివరిదాకా వెళ్ళి, తలకిందులు కాకుండా వెనక్కి తిరిగి, మొదటిదాని తోక పట్టుకుని వస్తుంది. అందుకే టైమ్ రెట్టింపు. పాలిథిలీన్ కేబుల్‌కి నేనైతే మీటర్‌కి 5 నానోసెకన్లు అని కళ్ళు మూసుకుని వేసేస్తా, వెళ్ళడానికి 50, రావడానికి 50.

నమ్మకం కుదరకపోతే ఎనర్జీ చూడండి. మీటర్‌కి 100 పికోఫారడ్స్ చొప్పున మొత్తం 1 నానోఫారడ్, 10 కేవీ దగ్గర 0.05 జౌల్. లోడ్‌లో 500 కిలోవాట్లు, 100 నానోసెకన్లు, అదీ 0.05 జౌలే. ఏదీ ఎటూ పోలేదు.

లోడ్ కేబుల్ 50 ఓమ్స్‌కి సమానం కాకపోతే అలలో కొంత లోడ్ దగ్గర వెనక్కి తిరిగి, ఓపెన్ చివరిదాకా వెళ్ళి మళ్ళీ వస్తుంది. అందుకే లోడ్ 150 ఓమ్స్ అయితే ముందు 7.5 కేవీ, తర్వాత 3.75, ఆ తర్వాత 1.875, ఇలా మెట్లు మెట్లుగా దిగుతుంది.

అన్నట్టు మల్టీమీటర్‌తో కేబుల్ 50 ఓమ్స్ కొలవకండి, రాదు. కేబుల్ ముట్టుకునేముందు రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాత షార్ట్ పెట్టండి.

ప్రాక్టీస్: లోడ్ 25 ఓమ్స్, స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది. మొదటి నాలుగు మెట్లు గుర్తులతో సహా గీయండి, రెండోది మైనస్ రాకపోతే మళ్ళీ మొదట్నుంచి. తర్వాత ఆ మెట్లన్నిటి ఎనర్జీ కూడితే 0.05 జౌల్‌కి ఎంత దగ్గరకొచ్చిందో చూడండి.