పాత కంప్యూటర్‌లో వీడియో ఆగి ఆగి నడుస్తోందా? సమస్య - పరిష్కారం

ఎనిమిది, పదేళ్లుగా వాడుతున్న ఇంటి కంప్యూటర్‌లో వీడియో సాఫీగా నడవడం లేదని చెబితే, ర్యామ్ పెంచమనో ఎస్‌ఎస్‌డీ వేయించమనో సలహా వస్తుంది. రెండూ మంచి మార్పులే. విండోస్ త్వరగా తెరుచుకుంటుంది, ప్రోగ్రాములు చురుగ్గా కదులుతాయి. అయితే వీడియో ఆగి ఆగి నడవడానికి అసలు కారణం చాలాసార్లు వేరే చోట ఉంటుంది: ఆ వీడియోను ఏ కోడెక్‌తో (వీడియోను కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) కుదించారు, దాన్ని విప్పే ఏర్పాటు మన చిప్‌లో ఉందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ పరీక్షలు చేసి చూడాలి. నాలుగో తరం ఇంటెల్ కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10, చిన్న మానిటర్ ఉన్న డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ కాలపు ఇతర యంత్రాలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ముందు తేల్చుకోవలసింది: లోపం నెట్‌దా, కంప్యూటర్‌దా?

యూట్యూబ్ వీడియో నడుస్తుండగా దాని మీద కుడి క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అన్నదాన్ని ఎంచుకుంటే, మూలన చిన్న పట్టిక తెరుచుకుంటుంది. అందులో చూడవలసినవి మూడే వరుసలు. ‘బఫర్ హెల్త్’ అన్నది ఇంకా ఎన్ని సెకన్ల వీడియో ముందుగా దిగి సిద్ధంగా ఉందో చెబుతుంది. ‘ఫ్రేమ్స్’ దగ్గర ‘డ్రాప్డ్’ అని కనిపించే అంకె, కంప్యూటర్ సమయానికి చూపలేక వదిలేసిన ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) ఎన్నో చెబుతుంది. ‘కోడెక్స్’ వరుసతో తరువాత పని పడుతుంది.

బఫర్ హెల్త్ సున్నాకు పడిపోయి తెర మీద చక్రం తిరుగుతుంటే లోపం నెట్‌దే. వైఫై బదులు కేబుల్ పెట్టి చూడాలి, లేదా నాణ్యత తగ్గించాలి. బఫర్‌లో ఇరవై, ముప్ఫై సెకన్ల వీడియో నిల్వ ఉండి కూడా బొమ్మ ఆగుతూ, డ్రాప్డ్ అంకె పెరుగుతూ పోతుంటే, నెట్ ప్లాన్ ఎంత పెంచినా ఉపయోగం ఉండదు. ఆ పరిస్థితికే కింది పరిష్కారాలు.

లక్షణం: మాట ఆగకుండా వినిపిస్తుంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతుంది

పాత కంప్యూటర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ధ్వనిని విప్పడం తేలిక కాబట్టి అది ఆగదు. బొమ్మను విప్పలేక ప్రాసెసర్ వెనకబడుతుంది. ఇప్పుడు పట్టికలో ‘కోడెక్స్’ వరుస చూడాలి. అక్కడ ఏవీసీ1 అని ఉంటే అది హెచ్.264, వీపీ09 అని ఉంటే వీపీ9, ఏవీ01 అని ఉంటే ఏవీ1.

హెచ్.264 ప్రమాణం 2003 నాటిది. నాలుగో తరం ఇంటెల్ చిప్‌లలో దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన భాగమే ఉంది కనుక ప్రాసెసర్ మీద భారం దాదాపు పడదు. వీపీ9ను పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో ఏడో తరంతో వచ్చింది. ఏవీ1కు ఆ సౌకర్యం 2020లో పదకొండో తరం ల్యాప్‌టాప్ చిప్‌లతో మొదలైంది. ఈ కొత్త కోడెక్‌లు డేటాను బాగా ఆదా చేస్తాయి, కానీ విప్పే భాగం లేని యంత్రంలో ఆ పనంతా రెండే కోర్లున్న ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. అదే యంత్రంలో ఒక వీడియో చక్కగా నడిచి మరొకటి నడవకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం హెచ్.264నే పంపమని అడగడం. ఫైర్‌ఫాక్స్‌లో ‘ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఫై’ అనే యాడ్-ఆన్ వేసుకుని, దాని సెట్టింగ్స్‌లో వీపీ9ను, ఏవీ1ను ఆపేసి, పేజీని మళ్లీ తెరిస్తే కోడెక్స్ వరుసలో ఏవీసీ1 కనిపించాలి. దీనివల్ల 1080పీని మించిన నాణ్యతలు జాబితా నుంచి మాయమవుతాయి. యూట్యూబ్ వాటిని హెచ్.264లో ఇవ్వదు, అయినా ఈ యంత్రానికి అవి పనికిరావు.

తరువాత నాణ్యత సంగతి. 1080పీ60 (1080 అడ్డు వరుసల బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు) అంటే సెకనుకు సుమారు 12.4 కోట్ల పిక్సెళ్లు గీయాలి, 720పీ30కి 2.8 కోట్లు చాలు; అంటే భారం నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. మానిటర్ సొంత రిజల్యూషన్ 1366×768 అయితే 1080పీ పెట్టినా తెర దాన్ని కుదించే చూపిస్తుంది కనుక, 720పీ ఎంచుకున్నందువల్ల కంటికి పెద్దగా నష్టం ఉండదు. ‘60’ అని పక్కన ఉన్న నాణ్యతలను ముందు వదిలేయాలి.

చివరగా, బ్రౌజర్ ఆ హార్డ్‌వేర్‌ను నిజంగా వాడుకుంటోందా అన్నది చూడాలి. క్రోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద ‘యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్’ ఆన్‌లో ఉందో లేదో చూసి, బ్రౌజర్‌ను మూసి తెరవాలి. ఆ తరువాత వీడియో నడుపుతూ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ తెరిస్తే ‘వీడియో డీకోడ్’ (వీడియోను విప్పడం) అనే గ్రాఫ్ ఉంటుంది. అది కదులుతూ సీపీయూ తక్కువలో ఉంటే పని సరైన చోట జరుగుతున్నట్టు. డీకోడ్ సున్నాలో ఉండి సీపీయూ నూరు శాతం దగ్గర ఉంటే ఇంకా సాఫ్ట్‌వేర్‌తోనే లాగుతున్నట్టు.

లక్షణం: ఏ వీడియో పెట్టినా, చిన్నదైనా సరే, నత్తనడకే

విండోస్‌ను కొత్తగా ఎక్కించిన యంత్రాల్లో ఇది ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్‌ను విండోస్ చేత పూర్తిగా వాడించే ప్రోగ్రాము, అంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవరే లేదన్నమాట. విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్ నుంచి గానీ, చిప్ తయారీదారు సైటు నుంచి గానీ సరైన డ్రైవర్ వేసుకోవాలి. డ్రైవర్లన్నీ మేమే వెతికి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. అవి తెచ్చిపెట్టే చెత్త యంత్రాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది.

లక్షణం: ఫోన్‌లో తీసిన వీడియో కంప్యూటర్‌లో నడవదు

పెళ్లి వీడియో ఫోన్‌లో చక్కగా కనిపించి, కంప్యూటర్‌కు ఎక్కించాక ముక్కలు ముక్కలుగా నడిస్తే అది బహుశా హెచ్‌ఈవీసీలో (హెచ్.264 తరువాత వచ్చిన కోడెక్) ఉంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ‘టూల్స్’ మెనూ నుంచి ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే తెలిసిపోతుంది. నాలుగో తరం చిప్‌కు 4కే హెచ్‌ఈవీసీ మోయలేని బరువు. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రాములో ‘ఫాస్ట్ 720పీ30’ అన్న ప్రీసెట్ ఎంచుకుని హెచ్.264లోకి మార్చుకోవచ్చు. పాత యంత్రానికి ఈ పని గంటల తరబడి పట్టవచ్చు కనుక రాత్రి పెట్టి వదిలేయడం మేలు. మూల ఫైలును మాత్రం చెరపవద్దు, మార్చిన ప్రతిలో నాణ్యత తగ్గుతుంది. ఇకపై తీసేవాటికి ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోని ‘ఫార్మాట్స్’ కింద ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకుంటే ఈ బెడద తగ్గుతుంది.

లక్షణం: మొదట బాగానే నడిచి, పావుగంట తరువాత మొరాయిస్తుంది

ఇది వేడి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ తెరిచి ఉంచి, ‘స్పీడ్’ అంకెను గమనించాలి. ఉదాహరణకు కోర్ ఐ3-4130 సహజ వేగం 3.4 గిగాహెర్ట్జ్, వీడియో నడుస్తుండగా, సీపీయూ తీరిక లేకుండా ఉండగా, ఆ అంకె బాగా కిందికి జారిపోతుంటే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటోందన్నమాట. మే నెలలో మన గదుల్లో ఇది మరీ ఎక్కువ. పవర్ ప్లాన్ ‘పవర్ సేవర్’లో ఉన్నా వేగం తగ్గుతుంది కనుక ముందు దాన్ని చూసి, ఆపైన క్యాబినెట్ తెరవాలి. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) సందుల్లోని దుమ్మును బ్లోయర్‌తో ఊదాలి. హీట్ సింక్ విప్పితే పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టాలి.

లక్షణం: ఆకుపచ్చ తెర, నల్ల తెర, చారలు

డ్రైవర్‌కు, హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు పొసగడం లేదు. డ్రైవర్ మార్చినా పోకపోతే, పైన ఆన్ చేయమన్న యాక్సిలరేషన్‌ను ఈ ఒక్క సందర్భంలో ఆపేసి, 480పీలో చూడాలి.

లక్షణం: పెదవుల కదలికకు, మాటకు పొత్తు కుదరదు

తేడా మొదటి నుంచి ఒకేలా ఉంటే లోపం ఫైలుదో, బ్లూటూత్ స్పీకర్‌దో. వీఎల్‌సీలో మాట ముందుగా వస్తుంటే కే మీటను, ఆలస్యంగా వస్తుంటే జే మీటను నొక్కితే 50 మిల్లీసెకన్ల చొప్పున సర్దుకుంటుంది. తేడా క్రమంగా పెరుగుతుంటే మళ్లీ డీకోడింగ్ సమస్యే.

ఇవన్నీ చేసినా నిలబడనివి కోర్ 2 డుయో కాలపు యంత్రాలు. వాటిలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉంటే, ర్యామ్‌కు పెట్టే డబ్బును జీటీ 1030 వంటి చిన్న గ్రాఫిక్స్ కార్డుకు పెట్టడమే నా దృష్టిలో సరైన ఖర్చు. అది హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9 మూడింటినీ హార్డ్‌వేర్‌లో విప్పుతుంది, విడిగా కరెంటు కనెక్టర్ అడగదు. ఏవీ1ను మాత్రం విప్పలేదు కాబట్టి బ్రౌజర్‌లో దాన్ని ఆపే ఉంచాలి. కొనేముందు క్యాబినెట్ లోపలి ఎత్తు కొలిచి, సన్న క్యాబినెట్ అయితే లో-ప్రొఫైల్ పట్టీ (కార్డును బిగించే పొట్టి లోహపు పట్టీ) కూడా ఇమ్మని అడగాలి.