లింకులున్న ఎక్సెల్ ఫైలు తెరిచే ముందు జాగ్రత్తలు

ముందు ఫైలు కాపీ తీసుకోండి. ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే.

తెరవగానే లింకులు అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది. కంగారుగా నొక్కేయకండి. లింకు ద్వారా అంకెలు వచ్చే మూల ఫైలు పేరు మారిందా, వేరే ఫోల్డర్‌లోకి వెళ్లిందా, ఎవరి పెన్‌డ్రైవ్‌లోనైనా ఉండిపోయిందా చూసుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన ఫైలైతే అప్‌డేట్ అసలే వద్దు.

సమ్‌ఇఫ్, కౌంట్‌ఇఫ్ ఫార్ములాలున్న గడిలో ‘వాల్యూ’ ఎర్రర్ వస్తే టెన్షన్ పడొద్దు. మూల ఫైలు మూసి ఉంటే అవి లెక్క కట్టవు. దాన్నీ తెరిచి, మళ్లీ లెక్క కట్టేలా ఎఫ్9 నొక్కండి. ఇన్‌డైరెక్ట్ ఫార్ములాతోనూ ఇదే పేచీ, కాకపోతే అక్కడ ‘రెఫ్’ అని వస్తుంది.

లింకును తెంచేసే ‘బ్రేక్ లింక్’ జోలికి చివరిదాకా పోకండి. ఫార్ములాలు పోయి ఉత్త అంకెలే మిగులుతాయి, అన్‌డూ కూడా పనిచేయదు.

లింకు ఎక్కడుందో అంతుచిక్కకపోతే కంట్రోల్ ఎఫ్ కొట్టి చదరపు బ్రాకెట్ ‘[’ వెతకండి, ఫార్ములాలో మూల ఫైలు పేరు అందులోనే ఉంటుంది. గడులకు పెట్టిన పేర్ల జాబితా ఉండే నేమ్ మేనేజర్‌లోనూ చూడండి, చాలాసార్లు అక్కడే నక్కి ఉంటుంది.