వెండిరంగు మిగ్-21 మోడల్: తేడా ఎక్కడ కొడుతోంది, ఎందుకు, ఎలా సరిచేయాలి

సోవియట్ జెట్ల ప్లాస్టిక్ మోడల్ కిట్లలో మిగ్-21 కట్టడం తేలికే అనిపిస్తుంది. పొడవాటి బాడీ, రెండు త్రిభుజాల రెక్కలు, ఒక తోక, అంతే కదా అనుకుంటాం. కానీ దాన్ని 1960ల నాటి సోవియట్ వాయుసేనలో ఉన్నట్టు, కామోఫ్లాజ్ లేకుండా ఉత్త అల్యూమినియం రంగులో చేయాలంటే కథ వేరు. ఆకుపచ్చ, గోధుమరంగు మచ్చల కింద దాక్కునే లోపాలన్నీ వెండిరంగు మీద బయటపడిపోతాయి. లోపం కనబడేది చివర్లోనే అయినా, దాని కారణం ఎక్కువసార్లు ఒకటి రెండు దశల వెనక ఉంటుంది. అందుకే పైన ఇంకో కోటింగ్ కొట్టేముందు కింద ఏం జరిగిందో చూడండి. నేను 1/48 సైజు (అసలు విమానంలో 48వ వంతు) మనసులో పెట్టుకుని రాస్తున్నాను, 1/72 వాళ్లకీ ఇంచుమించు ఇదే వర్తిస్తుంది.

మెటల్ రంగు ఆరాక వీపు మీద అతుకు గీత మళ్లీ తేలింది

మిగ్-21 కిట్లలో బాడీ సాధారణంగా ఎడమ, కుడి సగాలుగా వస్తుంది కాబట్టి అతుకు వీపు మీదుగా, పొట్ట కిందుగా ముక్కు నుంచి తోక దాకా పోతుంది. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసినప్పుడు నున్నగా ఉన్నది, వెండిరంగు పడగానే సన్నటి గీతలా కనిపిస్తుంది. దీనికి కారణాలు మూడు. జిగురు కరిగించిన ప్లాస్టిక్ పూర్తిగా గట్టిపడకముందే రుద్దేయడం, దాంతో అది తర్వాత లోపలికి కుంగుతుంది. ట్యూబులో వచ్చే పుట్టీ ఆరేకొద్దీ కుదించుకుపోవడం. మూడోది చాలామంది పట్టించుకోనిది, పుట్టీ ఒకలా, ప్లాస్టిక్ ఒకలా రంగును పీల్చుకోవడం.

పుట్టీ మీద పుట్టీ పెట్టకండి. ఆ పట్టీ వరకు రంగును 800 నంబరు వాటర్ పేపర్‌తో (గరుకు కాగితం) తడిపి రుద్ది తీసేసి, పళ్లపుల్లతో ఫెవిక్విక్ సన్నగా రాయండి. ఇది కుంగదు. కానీ ఒకటి రెండు గంటల్లోపే రుద్దేయాలి, మర్నాటికి వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, మీరు రుద్దుతుంటే పక్కనున్న ప్లాస్టిక్ అరిగి గుంట పడుతుంది. 400తో మొదలుపెట్టి 800, 1500 దాకా వెళ్లి, మిస్టర్ సర్ఫేసర్ 1500 ప్రైమర్‌ను పల్చగా కొట్టి, టేబుల్ ల్యాంపు వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. ఎదురుగా చూస్తే ఏమీ కనబడదు, ఏటవాలు వెలుగులోనే గీత దొరుకుతుంది. చెరిగిపోయిన ప్యానెల్ గీతల్ని (రేకుల అతుకుల్ని చూపే గీతలు) గట్టి టేపు అంచు ఆనించి స్క్రైబర్‌తో, అంటే మొనదేలిన పనిముట్టుతో, మళ్లీ గీయాలి. ఒక్కసారిగా లోతుగా లాగకుండా నాలుగైదుసార్లు తేలిగ్గా లాగితే గీత వంకర పోదు.

తర్వాతి కిట్‌కి ఇంకా మంచి దారి ఉంది. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి జిగురు పట్టించి, కరిగిన ప్లాస్టిక్ అతుకులోంచి చిన్న గట్టులా పైకి తన్నేదాకా నొక్కండి. ఒక వారం ముట్టుకోకుండా వదిలేసి, ఆ గట్టును బ్లేడుతో గీకేస్తే పుట్టీ అవసరమే రాదు.

వెండిరంగు గరుకుగా వచ్చింది, లేదా పాలిపోయినట్టు మబ్బుపట్టింది

ఈ రెండూ ఒకటి కాదు, కలిపేసుకోవద్దు.

చేత్తో తడిమితే దుమ్ము పడ్డట్టు గరగరలాడుతుంటే, రంగు మోడల్‌ను చేరకముందే గాల్లోనే ఆరిపోతోందని అర్థం. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టుకుంటే జరిగేది ఇదే, సూది మొన మీద కూడా రంగు గడ్డకడుతుంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టండి, దూరం 5 నుంచి 7 సెంటీమీటర్లకు తగ్గించండి, ప్రెషర్ 12-15 పీఎస్ఐ మధ్య ఉంచండి, థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలపండి. ఇప్పటికే గరుకుగా వచ్చినదాన్ని 3000 వాటర్ పేపర్‌తో నున్నగా చేసి మళ్లీ కొట్టాల్సిందే.

తెల్లటి మబ్బు పట్టిందంటే తేమ. లాకర్ రంగులో, అంటే ఘాటు థిన్నర్‌తో కలిపే రకంలో, సాల్వెంట్ గబగబా ఆవిరైపోతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి రంగులో ఇరుక్కుపోతుంది. వానాకాలంలో కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. టెన్షన్ పడక్కర్లేదు. ఏసీ గదిలోనో, ఎండ కాసిన రోజునో రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పల్చటి పొగలా ఒకసారి కొడితే చాలాసార్లు దానంతటదే తేలిపోతుంది.

ఇక రంగు నున్నగానే ఉంది కానీ మెరుపు లేదంటే బేస్ చూడండి. ఆల్‌క్లాడ్ లాంటి మెటల్ రంగులు కింద ఉన్న నలుపు ఎంత నునుపుగా ఉంటే అంత మెరుస్తాయి. ఆ మెరిసే నలుపులో (గ్లాస్ బ్లాక్) గది లైటు ప్రతిబింబం అంచులు స్పష్టంగా కనబడకపోతే, దాని మీద వెండి వేయడం దండగ. అలాగని విమానాన్ని అద్దంలా చేయాలని లేదు. ఎండకీ మంచుకీ నిలబడిన విమానం మసకబారుతుంది, ఇంజిన్ వేడి తగిలే తోక భాగం మిగతా బాడీ కన్నా ముదురుగా తేలుతుంది. ప్యానెల్ ప్యానెల్‌కీ షేడు కొద్దిగా మార్చండి, అదే ప్రాణం పోస్తుంది.

మాస్కింగ్ టేపుతో పాటు రంగు ఊడి వచ్చింది

తప్పు టేపుది అనుకుంటాం కానీ మూలం ఎక్కువసార్లు ప్రైమర్ కింద ఉంటుంది. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి ఊడదీయడానికి వాడిన నూనె పొర, మన వేళ్ల జిడ్డు, రెండూ రంగును పట్టనివ్వవు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో స్ప్రూలను (భాగాలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రాలు) కడిగి ఆరబెట్టడం ఐదు నిమిషాల పని. టేపును కూడా ముందు చేతి వెనక అంటించి తీసి, బంక తగ్గించాకే మోడల్ మీద వేయండి. ఊడిన చోట అంచులు 3000తో సాపు చేసి, నలుపు, వెండి మళ్లీ వేసేటప్పుడు దగ్గరి ప్యానెల్ గీత దాకా మొత్తం వేసేయండి. షేడు కాస్త మారినా వేరే రేకు వేసినట్టే ఉంటుంది.

చక్రాల మీద నిలబెడితే తోక మీద కూలబడుతోంది

ముక్కులో బరువు చాలలేదు. మంచి చోటు ముక్కు కోన్ (ముక్కు రంధ్రం మధ్యలో మొనలా ఉండేది) లోపల. ముక్కు చివరకు ఎంత దగ్గరగా పెడితే అంత తక్కువ బరువు సరిపోతుంది. గాలాలకు కట్టే సీసపు గుండ్లు వాడండి, కానీ వాటిని ఫెవికాల్‌తో మాత్రం అతికించొద్దు. తెల్ల జిగురు తగిలిన సీసం మూసేసిన చోట ఏళ్ల తరబడి ఉంటే తుప్పుపట్టి ఉబ్బుతుంది, అతుకుల్ని పగలగొట్టేస్తుంది. అరల్డైట్ శ్రేయస్కరం. బాడీ మూసేముందు భాగాలన్నీ టేపుతో కట్టి, చక్రాలు వచ్చే చోట పెన్సిల్ మీద ఆనించి ముక్కు కిందికి వాలుతోందో లేదో చూసుకోండి. మూసేశాక తెలిస్తే, కోన్ ఇంకా అతికించకపోతే ఆ దారినే గుండ్లు పంపొచ్చు. అదీ అయిపోతే కాంక్రీటు పలకల రన్‌వేలాంటి బేస్ చేసి, చక్రాల్లోకి సన్నటి తీగ దించి బిగించడమే మార్గం.

ఎదురుగా చూస్తే రెక్కలు ఏదోలా ఉన్నాయి

అసలు మిగ్-21 రెక్కలు సమంగా ఉండవు, 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. 1/48లో లెక్కేస్తే రెక్క మొదలు కన్నా కొస దాదాపు 2 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. జిగురు తడిగా ఉన్నప్పుడు బల్ల మీద బోర్లా పెట్టేస్తే ఈ వాలు పోతుంది. అట్టముక్కను ఆ వాలుకు కత్తిరించి ఆసరాగా పెట్టి ఆరనివ్వండి. ఆరిపోయి ఉంటే అతుకులోకి పల్చటి జిగురు మళ్లీ మళ్లీ పారించి మెత్తబడ్డాక సరిచేయొచ్చు. తోక దగ్గరి చిన్న రెక్కలకు మాత్రం ఈ వాలు ఉండదు.

అన్నీ చక్కగా అతికాయి, అయినా విమానం నిజమైనదిలా లేదు

కస్టమైజ్ చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. చేతిలో ఉన్న కిట్ ఒక రకం, వేయాలనుకున్న నంబరు ఇంకో రకం, తగిలించిన క్షిపణి మూడో కాలానిది. మిగ్-21లో ఎఫ్-13, పీఎఫ్, పీఎఫ్ఎమ్, ఎమ్ఎఫ్, బిస్ అని రకాలు చాలా, పైపైన చూస్తే అన్నీ ఒకటే.

ముందు పిటాట్ గొట్టం (ముక్కు దగ్గర పొడుచుకొచ్చి, విమానం వేగం కొలవడానికి ఉండే సన్నటి గొట్టం) చూడండి. ఎఫ్-13కు అది ముక్కు కింద ఉంటుంది. పీఎఫ్, పీఎఫ్ఎమ్‌లకు ముక్కు పైన సరిగ్గా మధ్యలో. ఎమ్ఎఫ్, బిస్ లాంటి తర్వాతి వాటికి పైన కొద్దిగా కుడివైపు జరిగి ఉంటుంది. తర్వాత కేనోపీ, అంటే పైలట్ మీది అద్దపు మూత. ఎఫ్-13, పీఎఫ్‌లలో అద్దం మొత్తం ముందుకు లేస్తుంది. పీఎఫ్ఎమ్ నుంచి ముందు అద్దం బిగించి ఉండి, వెనక భాగం కుడిపక్కకు తెరుచుకుంటుంది. ఈ రెండూ చూస్తే చాలు, సగం పొరపాట్లు పట్టేయొచ్చు. ఇక వీపు. బిస్ వీపు ఎఫ్-13 కన్నా బాగా లావు, దాన్ని రుద్ది ఎఫ్-13 చేద్దామనుకోవడం వృథా ప్రయాస, వేరే కిట్ కొనుక్కోండి. రెక్క కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు తొలి రకాలకు రెండు, ఎమ్ఎఫ్, బిస్‌లకు నాలుగు. 1968 నాటి విమానమని చెప్పి ఆర్-60 క్షిపణులు తగిలిస్తే కుదరదు, అవి 1970ల్లో వచ్చాయి. ఆర్-3ఎస్ క్షిపణులు పెట్టండి.

మన వాయుసేన విమానం చేయాలని ఇదే కిట్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. భారత్‌లో హెచ్ఏఎల్ తయారుచేసిన ఎఫ్ఎల్ రకానికి కేనోపీ పీఎఫ్‌లా ముందుకు తెరుచుకుంటుంది, తోక మాత్రం పీఎఫ్ఎమ్‌లా వెడల్పు. పీఎఫ్ఎమ్ కిట్ మీద స్టిక్కర్లు మార్చేస్తే ఎఫ్ఎల్ అయిపోదు.

కాక్‌పిట్ విషయానికొస్తే, ఆ నీలిపచ్చ రంగు డబ్బాలో చూసినదానికన్నా ఒక మెట్టు లేతగా వేయండి, వాష్ (సందుల్లోకి పారించే పల్చటి ముదురు రంగు) పడ్డాక ఎలాగూ ముదురుతుంది. మీటర్ల బోర్డు మధ్యలో నిలువుగా తెల్ల గీత ఒకటి ఉంటుంది, విమానం స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడితే పైలట్ స్టిక్‌ను సరిగ్గా మధ్యకు తోయడానికి గుర్తు అది. సన్నటి తెల్ల డీకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్) ముక్క పెడితే చాలు, లోపలికి తొంగిచూసినవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. ముక్కు కోన్, తోక పైకొస, చక్రాల మధ్య భాగం ఆకుపచ్చ.

ఎర్ర నక్షత్రాల చుట్టూ తెల్లగా మెరుస్తోంది

డీకాల్ కింద గాలి చిక్కింది. ఉపరితలం మ్యాట్‌గా ఉంటే గరుకు సందుల్లో గాలి నిలిచిపోతుంది, వెండిరంగు మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డీకాల్‌కు ముందు మెరిసే పారదర్శక పూత (గ్లాస్ క్లియర్) తప్పనిసరి. డీకాల్ అతుక్కోవడానికి మైక్రో సెట్ రాసి నక్షత్రాన్ని పెట్టి, నీళ్లు అద్దేసి, దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్ పూయండి. ముడతలు పడుతుంది, చేయి పెట్టొద్దు, ఆరేకొద్దీ అదే చదునవుతుంది. ఇప్పటికే మెరుస్తుంటే సూదితో అక్కడక్కడ గుచ్చి మైక్రో సోల్ పట్టిస్తే లోపలికి దిగుతుంది. నక్షత్రాలు మొత్తం ఆరు: రెక్కల పైన రెండు, కింద రెండు, తోకకు అటూ ఇటూ. పాత కిట్ డీకాల్స్ నీళ్లలో వేయగానే ముక్కలైపోతాయన్న అనుమానం ఉంటే, షీటు మీద క్లియర్ లాకర్ ఒక పొర కొట్టి, ఆరాక బొమ్మ చుట్టూ దగ్గరగా కత్తిరించుకోండి.

కేనోపీ లోపల తెల్లటి పొగ

ఫెవిక్విక్ ఆవిరి పని అది. అద్దం భాగాలకు ఫెవికాల్ చాలు, పారదర్శకంగా ఆరుతుంది, ఎక్కువైతే తడి దూదిపుల్లతో తుడిచేయొచ్చు. పొగ పట్టినదాన్ని మెల్లగా ఊడదీసి, 3000 తర్వాత పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్ది, గ్లాస్ క్లియర్ పూతలో ముంచి తీసి ఆరబెట్టండి. బాడీలో వేరే చోట ఫెవిక్విక్ వాడి ఉంటే కేనోపీ మూయడానికి ఒక రోజు ఆగండి.

పిటాట్ గొట్టం విరిగింది

విరుగుతుంది, ప్లాస్టిక్‌ది నిలవదు. మందుల షాపులో 22 గేజ్ సూది ఒకటి, 30 గేజ్ ఒకటి కొనండి, 30 గేజ్‌ది సన్నగా ఉంటుంది కాబట్టి 22 గేజ్‌దానిలోకి దూరుతుంది, చుక్క ఫెవిక్విక్‌తో బిగించండి. మొనల్ని ఆకురాయితో మొద్దుబార్చి, ముక్కులో చిన్న డ్రిల్‌తో రంధ్రం చేసి లోపలికి 5 మిల్లీమీటర్ల దాకా దించండి. డీకాల్స్, వాష్, క్లియర్ అన్నీ అయ్యాకే, ఆఖరి పనిగా పెట్టండి.